‘డు నాట్ డూప్లికేట్’ అని చెక్కిన తాళంచెవికి నకలు తీయలేరా?

మహబూబ్‌నగర్‌లో మూడంతస్తుల ఇల్లు కట్టుకుని, పై పోర్షన్లను ఉద్యోగులకూ విద్యార్థులకూ కిరాయికి ఇస్తున్నానని రాశారు. హైదరాబాద్‌లో కొన్న తలుపు తాళాలకు వచ్చిన చాబీల తల మీద ‘డు నాట్ డూప్లికేట్’, అంటే ‘నకలు తీయవద్దు’ అని ఇంగ్లీషులో చెక్కి ఉందని, ఆ అక్షరాలున్న చాబీకి ఎవరూ నకలు తీయరని అమ్మినవారు గట్టిగా చెప్పారని కూడా రాశారు. ఇప్పుడు ఒక కుటుంబం ఖాళీ చేసి, ఇచ్చిన చాబీలన్నింటినీ లెక్కగా అప్పగించింది కాబట్టి తాళం మార్చకుండానే కొత్తవారికి ఇల్లు ఇవ్వవచ్చా అన్నది మీ అసలు ప్రశ్న. నల్లగొండలో తాళాలు అమ్మడం, బిగించడం, చాబీలు కోయడం నా వృత్తి కాబట్టి, ఈ విషయంలో నాకు తెలిసినదంతా వివరంగా చెబుతాను.

ఇవ్వకండి. తాళం మార్చిన తరువాతే ఇవ్వండి. ఆ అక్షరాలు నకలును ఆపవు, ఆపే శక్తి వాటికి లేదు.

కారణం తెలియాలంటే చాబీ ఎలా కోస్తారో ఒకసారి దగ్గరగా చూడాలి. కోత యంత్రానికి పక్కపక్కనే రెండు బిగింపులు ఉంటాయి. ఒకదానిలో మీరు తెచ్చిన చాబీని, రెండవదానిలో బ్లాంక్‌ను, అంటే ఇంకా గాట్లు పడని ఖాళీ చాబీని బిగిస్తాము. ఒకవైపు కదలని మొన మీ చాబీ గాట్ల వెంట జారుతూ ఉంటే, రెండవవైపు తిరిగే కోత చక్రం అదే కదలికతో బ్లాంక్‌ను అవే లోతుల్లో కోసుకుంటూ పోతుంది. ఒక గాటు లోతుకూ దాని తరువాతి మెట్టు లోతుకూ మధ్య తేడా చాలా తాళాల్లో అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, బిగింపు సరిగా కుదరడం, కోసిన తరువాత అంచున మిగిలిన రజను బ్రష్‌తో శుభ్రంగా తీసివేయడం ముఖ్యం. ఈ పనిలో మా చూపంతా చాబీ కాడ మీద, దాని పొడవునా ఉన్న గాడుల మీద, గాట్ల మీద ఉంటుంది. మీరు చెప్పిన అక్షరాలు ఉండేది తల మీద. ఆ తల బిగింపు బయటే ఉండిపోతుంది. అక్కడ ఏమి రాసి ఉన్నా యంత్రానికి సంబంధం లేదు, కోసేవాడు చదివి ఆగితే తప్ప.

కోసేవాడు ఆగుతాడా? కొందరు ఆగుతారు. ఇల్లు ఎవరిది, చాబీ ఎవరిచ్చారు అని అడిగి, సమాధానం నచ్చకపోతే వెనక్కు పంపే దుకాణదారులు మన జిల్లాల్లో ఉన్నారు, వారిపట్ల నాకు గౌరవం ఉంది. అయితే మీ చాబీ భద్రత ఊరిలోని దుకాణాలన్నింటిలోకీ అత్యంత నిర్లక్ష్యంగా ఉండే దుకాణం మీద ఆధారపడి ఉంటుందే తప్ప, అత్యంత జాగ్రత్తగా ఉండే దుకాణం మీద కాదు. ఒకచోట కాదంటే అడిగేవాడు పక్క వీధికి వెళతాడు. బస్టాండ్ దగ్గర గొడుగు కింద కూర్చుని చాబీలు చేసే మనిషికి ఇంగ్లీషు చదవడం రాకపోవచ్చు కూడా. చదవడం వచ్చినా, తల మీద ప్లాస్టిక్ తొడుగు వేసి ఇస్తే ఆ అక్షరాలు కనిపించవు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, దీనిని చాలామంది ఆలోచించరు. నకలు తీయడానికి వాడే బ్లాంక్ మా గోడ మీద కొక్కేనికి వేలాడే మామూలు బ్లాంక్. దాని తల మీద ఆ అక్షరాలు ఉండవు. అంటే మొదటి నకలు తీసిన క్షణంలోనే ఆ హెచ్చరిక మాయమవుతుంది. ఇక ఆ నకలుకు మరో నకలు తీయించాలని వచ్చినవాడిని చూసి, ఎంత నిజాయతీగల దుకాణదారుకైనా అనుమానం వచ్చే అవకాశమే ఉండదు. మీకు తిరిగి వచ్చిన చాబీలు, మీరు ఇచ్చినవే, అక్షరాలతో సహా లెక్కకు సరిపోతాయి. లెక్కలో లేనిది వేరొకరి జేబులో ఉంటుంది. కాబట్టి చాబీలన్నీ తిరిగి వచ్చాయన్న మాట, నకలు లేదన్న మాట ఒకటి కావు.

ఇది ఖాళీ చేసిన కుటుంబాన్ని అనుమానించడం కాదని కూడా చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసేవారిలో అధికభాగం ఏ దురుద్దేశమూ లేనివారే. కానీ పిల్లలు ట్యూషన్ నుంచి ముందే వస్తారని ఒకటి, పనిమనిషికి ఒకటి, ఊరి నుంచి వచ్చిపోయే బావమరిదికి ఒకటి చేయించడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఖాళీ చేసే రోజున ఆ పాత నకళ్ళు ఎవరికీ గుర్తు రావు. తాళం మార్చేది వారి మీద కోపంతో కాదు, ఆ నకళ్ళు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి.

చట్టం సంగతి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తాళంచెవి తల మీద ఇలాంటి అక్షరాలున్నంత మాత్రాన దానికి నకలు తీయడం నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఆ నకలుతో తాళం తీసి, దొంగతనం వంటి దురుద్దేశంతో ఇంట్లోకి చొరబడితే అది నేరం. పాత భారత శిక్షాస్మృతి 445వ సెక్షన్ తాళం తెరిచి చొరబడడాన్ని కూడా ఇల్లు పగలగొట్టి ప్రవేశించడం కిందనే లెక్కించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిర్వచనం కొనసాగుతున్నది. నేరం చొరబాటులో ఉంది. దొంగకు తెలిసి సాయపడినవాడి సంగతి వేరు, కానీ ఏమీ తెలియక చాబీ కోసి ఇచ్చిన దుకాణదారు మీద ఆ అక్షరాలను చూపి కేసు నిలబెట్టలేరు. ఈ అక్షరాలకు బాగా అలవాటుపడిన అమెరికాలో కూడా పరిస్థితి ఇంతకంటే పెద్దగా భిన్నం కాదు. అక్కడ తపాలా శాఖ తాళంచెవులకు అక్రమంగా నకలు తీయడాన్ని ప్రత్యేక చట్టంతో నేరం చేశారు, కానీ మామూలు ఇంటి చాబీ మీద ఎవరో చెక్కించుకున్న మాటకు ఆ బలం లేదు. అక్కడి తాళాల పనివారి సంఘమే, భద్రత లేకున్నా ఉన్నట్టు ఈ అక్షరాలు భ్రమింపజేస్తాయని బహిరంగంగా చెప్పింది.

పొలం గట్టు మీద ‘పశువులను మేపరాదు’ అని బోర్డు పాతి, కంచె వేయడం మరచిపోయినట్టుగా ఉంటుంది ఈ పరిస్థితి. మరి చాబీ విషయంలో కంచె ఏది అంటే, బ్లాంక్ దొరకకుండా చేయడం. నకలును నిజంగా కష్టతరం చేసే మార్గం ఇదొక్కటే కాబట్టి దీనిని కొంచెం విస్తరించి చెబుతాను.

చాబీని ఎదురుగా, మొన వైపు నుంచి చూస్తే దాని రెండు పక్కలా పొడవునా గాడులు కనిపిస్తాయి. తాళం రంధ్రంలోనూ అదే ఆకారం ఉంటుంది. ఆ ఆకారం కుదరని బ్లాంక్ తాళంలోకి దూరదు, గాట్లు ఎంత చక్కగా కోసినా ప్రయోజనం ఉండదు. సాధారణ తాళాల ఆకారాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి బ్లాంకులను ఎన్నో కంపెనీలు తయారు చేసి డజన్ల లెక్కన అమ్ముతాయి. కొన్ని ఖరీదైన తాళాల కంపెనీలు మాత్రం తమ చాబీ ఆకారానికో, దానిలోని కదిలే భాగానికో పేటెంట్ తీసుకుని, బ్లాంకులను బజారులో అమ్మకుండా తమ అధీకృత డీలర్ల దగ్గరే ఉంచుతాయి. అలాంటి తాళంతో పాటు ఒక కార్డు వస్తుంది. దాని మీద సంకేత సంఖ్య ఉంటుంది. మరో చాబీ కావాలంటే ఆ కార్డు చూపించాలి, కొన్ని కంపెనీల విషయంలో సంతకం కూడా సరిపోవాలి. ఇక్కడ అడ్డుపడుతున్నది తల మీది అక్షరాలు కావు, కొక్కేనికి వేలాడే బ్లాంక్ లేకపోవడం. మన పేటెంట్ చట్టం ప్రకారం ఆ హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 సంవత్సరాలే ఉంటుంది. గడువు తీరిన తరువాత ఇతర బ్లాంక్ తయారీదారులు అదే ఆకారాన్ని తయారు చేయడం మొదలుపెట్టవచ్చు. అందుచేత అటువంటి తాళం కొనేటప్పుడు పేటెంట్ ఇంకా ఎన్నాళ్ళు ఉందో డీలర్‌ను అడగడం తెలివైన పని.

మీ తాళం ఏ రకానిదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కొన్నప్పుడు కార్డు వచ్చిందా లేదా చూసుకోండి. రాకపోతే, మీ చాబీని మహబూబ్‌నగర్‌లోనే రెండు మూడు దుకాణాలకు తీసుకువెళ్ళి, దీనికి బ్లాంక్ ఉందా అని మాత్రం అడగండి. ఉందన్నారంటే మీ సందేహం తీరినట్టే. మీరు పంపిన వివరాలను బట్టి చూస్తే, మీవి అయిదు పిన్నుల మామూలు సిలిండర్ తాళాలు, అంటే చాబీ దూరే గొట్టం వంటి భాగంలో గాట్లకు తగ్గట్టు లేచే అయిదు సన్నని కడ్డీలు ఉన్నవి. వాటి చాబీలను ఏ దుకాణంలోనైనా నిమిషాల్లో కోస్తారు. అమ్మినతను చెప్పిన మాటను ఇక మరచిపోండి.

బ్లాంక్ దొరకని తాళాలకు కూడా హద్దులున్నాయి. 2008లో అమెరికాలోని శాన్ డియాగో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చాబీల ఫోటోలు తీసి, కంప్యూటర్ సాయంతో గాట్ల లోతులను లెక్కగట్టి, అసలు చాబీని ముట్టుకోకుండానే పనిచేసే నకళ్ళు చేసి చూపించారు. భవనం పైనుంచి, దాదాపు 195 అడుగుల దూరంలో బల్ల మీద పడి ఉన్న చాబీలను కూడా టెలిస్కోప్ తగిలించిన కెమెరాతో చదవగలిగారు. ఆ తరువాత 2015లో, అమెరికా విమానాశ్రయాల తనిఖీ సిబ్బంది ప్రయాణికుల పెట్టెలు తెరవడానికి వాడే మాస్టర్ చాబీల ఫోటో పత్రికలో రావడంతో, వాటి నమూనాలను త్రీడీ ప్రింటర్‌తో చేసుకునేలా ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మన దగ్గర గృహప్రవేశం నాడు కొత్త ఇంటి చాబీలను పసుపు కుంకుమల పళ్ళెంలో పెట్టి, దగ్గరగా ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం మామూలు అయిపోయింది. ఆ సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ దయచేసి గాట్లు కనిపించకుండా గుప్పిట్లో పట్టుకుని తీయండి.

ఇక అసలు చాబీ లేకుండానే చాబీ చేసే విద్య మన వీధుల్లో ఎప్పటినుంచో ఉంది. బ్లాంక్‌ను తాళంలో పెట్టి కదిలించినప్పుడు లోపలి లీవర్లో, అంటే కదిలే పలకలో, లేదా పిన్నులో దాని మీద సన్నటి గుర్తులు వేస్తాయి. అనుభవజ్ఞుడు ఆ గుర్తులను వెలుతురులో వాలుగా పట్టి చూసి, ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ చాబీ తయారు చేస్తాడు. బీరువా చాబీ పోగొట్టుకున్నప్పుడు మనమే అతన్ని ఇంటికి పిలుస్తాము. ఆ ఓపిక, ఆ కంటి చూపు నిజంగా గొప్ప పనితనం. అతనికి ఏ చాబీ తల మీది అక్షరాలూ చూడవలసిన అవసరమే రాదు.

అయితే ఆ అక్షరాల వల్ల ప్రయోజనం అసలే లేదని అనను. ఒక కళాశాలో, ఆసుపత్రో తన సిబ్బందికి చాబీలు ఇచ్చేటప్పుడు, అనుమతి లేకుండా నకలు తీయించకూడదన్న నిబంధన రాసి సంతకం పెట్టించుకుంటే, చాబీ మీది అక్షరాలు ఆ నిబంధనను గుర్తుచేస్తూ ఉంటాయి. నాకు తెలియదని ఆ ఉద్యోగి తరువాత చెప్పలేడు. మీరు కూడా కిరాయి ఒప్పందంలో అలాంటి వాక్యం ఒకటి చేర్చుకోవచ్చు. ఆ మేరకు అది క్రమశిక్షణకు పనికివస్తుంది. తాళం బలానికి పనికిరాదు. నష్టం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ అక్షరాలను నమ్మి తాళం మార్చడం మానేసినప్పుడు. దానికి తోడు, దారిలో పడిపోయిన చాబీ మీద ఆ మాట కనిపిస్తే, ఇది ఏదో ముఖ్యమైన తలుపుదని దొరికినవాడికి మనమే చెప్పినట్టవుతుంది.

విద్యార్థుల గదులకు ఒక్కొక్కదానికి ఒక చాబీ, మీ దగ్గర అన్నింటినీ తీసే మాస్టర్ చాబీ పెట్టుకోవాలనుకుంటున్నట్టు రాశారు. మామూలు బ్లాంకులు దొరికే తాళాలతో ఆ పని చేయవద్దు. మాస్టర్ పద్ధతిలో ప్రతి పిన్ను వరుసలోనూ అదనంగా ఒక చిన్న ముక్క పెడతారు కాబట్టి, ప్రతి తాళమూ ఒకటి కంటే ఎక్కువ చాబీలకు తెరుచుకుంటుంది. తన గది చాబీ, ఆ గది తాళం, కొన్ని బ్లాంకులు చేతిలో ఉన్న వ్యక్తి మాస్టర్ చాబీ లోతులను రాబట్టగలడని మాట్ బ్లేజ్ అనే భద్రతా పరిశోధకుడు 2003లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించాడు. గది చాబీ మీద ఎన్ని అక్షరాలు చెక్కినా ఈ బలహీనత పోదు. గదులు తక్కువే కాబట్టి ఒక్కో తాళానికి ఒక్కో విడి చాబీ మీ దగ్గర పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మీ తలుపులకు ఉన్నవి మార్టిస్ తాళాలు, అంటే తలుపు మందం లోపల అమర్చినవి కాబట్టి తాళం మొత్తం మార్చనవసరం లేదు, లోపలి సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. వడ్రంగి కూడా అవసరం లేదు. తలుపు తెరిచి దాని అంచున ఉన్న ఇనుప పట్టీ చూడండి, సిలిండర్‌కు సరిగ్గా ఎదురుగా పొడవాటి స్క్రూ ఒకటి ఉంటుంది. దానిని పూర్తిగా బయటికి తీయండి. తరువాత చాబీ పెట్టి, కొద్దిగా మాత్రమే తిప్పుతూ సిలిండర్‌ను మెల్లగా లాగుతూ ఉండండి. మధ్యలో ఉండే నాలుక వంటి ముక్క సిలిండర్ ఆకారంలో కలిసిపోయిన చోట అది ఇట్టే బయటికి జారుతుంది. బలవంతం చేయవద్దు. కొత్తది కొనేముందు పాతదాన్ని దుకాణానికి తీసుకువెళ్ళండి. స్క్రూ పట్టే రంధ్రం మధ్య నుంచి ఇరువైపులా ఉన్న పొడవులు రెండూ విడివిడిగా కొలవాలి. మొత్తం 60 మిల్లీమీటర్లే అయినా అది 30, 30 కావచ్చు, 25, 35 కావచ్చు. తప్పు కొలతది బిగిస్తే ఒకవైపు సిలిండర్ తలుపు బయటికి పొడుచుకు వస్తుంది, అలా పొడుచుకు వచ్చినదాన్ని పట్టుకుని విరవడం దొంగకు తేలిక.

ప్రతిసారీ కొత్తది కొనవలసిన పని కూడా లేదు. అదే కొలతలో రెండు మూడు సిలిండర్లు అదనంగా ఉంచుకోండి. ఒక పోర్షన్ ఖాళీ అయినప్పుడు దాని సిలిండర్ తీసి, అదనంగా ఉన్నది బిగించండి. తీసినదాన్ని వెంటనే పక్క పోర్షన్‌కు బిగించకుండా చాలాకాలం పక్కన పెట్టండి, ఎందుకంటే ఖాళీ చేసినవారు ఆ ఇంటికి అలవాటుపడినవారు. కావాలంటే ఆ సిలిండర్‌ను మా వంటివారి దగ్గరకు తెస్తే, లోపలి పిన్నులు మార్చి కొత్త చాబీకి సరిపోయేలా చేస్తారు. అప్పుడు అది కొత్త తాళంతో సమానమే. కింద మీ పాత గదికి ఉన్నది లీవర్ తాళం అన్నారు, దానికి ఈ వెసులుబాటు లేదు. లీవర్లు తెలిసినవారితో మార్పించాలి, లేదా తాళమే మార్చాలి. గేటుకు వేసే కప్పతాళాన్ని మాత్రం ఆలోచించకుండా మార్చేయండి.

అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుందా అని కూడా మీరు అడిగారు. అంకెలను ఇంకొకరికి చెప్పడానికి బ్లాంక్ కూడా అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు. దానిలో ఉన్న మేలు ఏమిటంటే, ఖాళీ చేసిన రోజునే పాత అంకెలను తుడిచి కొత్తవి పెట్టవచ్చు. ఆ పని ఖచ్చితంగా చేసేవారికి అది మంచిదే. ఆ తాళంలోని బ్యాటరీ బలహీనపడినప్పుడు తెరవడానికి దానికీ ఒక మామూలు చాబీ ఇస్తారు, ఆ చాబీ విషయంలో పైన చెప్పినదంతా వర్తిస్తుంది.

చివరిగా, చాబీల తల మీద ‘డు నాట్ డూప్లికేట్’ బదులు పోర్షన్ నంబరు చెక్కించవచ్చా అన్నారు. పోర్షన్ నంబరు వద్దు, ఇంటి పేరు అసలే వద్దు. బ్యాంకు లాకర్ చాబీల మీద బ్యాంకు లేదా శాఖ గుర్తింపు కోడ్ చెక్కి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది, కానీ అది ఆ చాబీ ఎక్కడిదో గుర్తుపట్టడానికి. అక్కడ ఒక్క చాబీ దొరికినంత మాత్రాన లాకర్ తెరుచుకోదు, బ్యాంకు దగ్గర ఉండే రెండవ చాబీ కూడా కావాలి. మీ ఇంటి తలుపుకు ఆ రెండవ చాబీ లేదు. కాబట్టి మీకు మాత్రమే అర్థమయ్యే వరుస సంఖ్యలు చెక్కించుకోండి. ఏ సంఖ్య ఏ సిలిండర్‌ది, ఎవరికి ఏ తేదీన ఎన్ని ఇచ్చారు, ఎప్పుడు తిరిగి వచ్చాయి, ఆ సిలిండర్ ఎప్పుడు మార్చారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని చాబీలున్న గూట్లో కాకుండా వేరేచోట దాచుకోండి.